అలసట లేని రోజు

కోల్డ్ స్టోరేజీ వెనక వాటా,
మార్చి మొదటివారం

బొత్తాం,

చేరాం. సామాను సగం కూడా విప్పలేదు. నేను విప్పుదామంటే మీ అన్నయ్య పడనివ్వడం లేదు. ఒక సంచి మీద చెయ్యి వేస్తే చాలు, "నువ్వు కూర్చో" అంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నోట ఇన్నిసార్లు ఆ మాట వినలేదు. పూర్వం నేను కూర్చుంటే "టీ ఏదీ" అనేవాడు. జబ్బు చేసినందుకు నాకు దొరికిన లాభం ఇదొక్కటే అనుకో.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో మాట్లాడుతుంటే కాసేపటికే నా నాలుక మొద్దుబారుతుంది. అవతలివాళ్ళు చెప్పేది చెవిలో పడుతుంది గానీ బుర్రకెక్కదు. మెసేజీ చదువుదామంటే తెర మీద అక్షరాలు ఈదుతాయి. ఉత్తరమైతే నాలుగు వాక్యాలు రాసి పడుకోవచ్చు, లేచి మళ్ళీ నాలుగు రాయొచ్చు. ఎక్కడ ఆగానో, ఎంతసేపు పడుకున్నానో నీకు తెలియదు. నాకు కావలసిందీ అదే.

ఊరు చల్లగా ఉంది. వేడి తగిలితే నా నరాలు మొరాయిస్తాయని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి మీ అన్నయ్య ఈ ఉద్యోగం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో నీకు తెలుసు. పగలంతా ఆ మంచుగదుల్లో పెట్టెలు మోసి, సాయంత్రం వచ్చి చల్లటి చేతులు నా మెడమీద పెడతాడు. వైద్యమట. నేను కెవ్వుమంటే పక్కవాటా వాళ్ళు కిటికీ తెరిచి చూశారు.

అసలు సంగతి చెబుతాను. ఆసుపత్రివాళ్ళు నన్ను ఇంటి దగ్గరే చేసుకునే చికిత్సలో చేర్చుకున్నారు. మందూ మాకూ ఏమీ లేదు. వారానికోసారి ఒకావిడ ఫోన్ తెరమీద కనిపించి మాట్లాడుతుంది. ఫోన్ మేడమ్ అని పేరు పెట్టాను. కుర్చీలో కూర్చుని చేసే కసరత్తులు, వరండాలో నడక, ఒంటిని చల్లగా ఉంచుకోవడం, అలసిపోకముందే ఆగి పడుకోవడం. ఇంతే. నేను ముందే చెప్పేశాను, "మల్టిపుల్ స్క్లెరోసిస్ తగ్గదని నాకు తెలుసండీ, ఈ అలసట ఒక్కటి తగ్గించండి చాలు" అని. "ప్రయత్నిద్దాం" అంది. మంచిదే, తగ్గిస్తానని కోతలు కొయ్యలేదు.

కాలు చచ్చుబడితే నలుగురికీ కనిపిస్తుంది. అలసట ఎవరికి కనిపిస్తుంది చెప్పు. ఆ రోజు వర్క్‌షాప్‌లో నా కోత బల్లమీద తల పెట్టుకుని పడుకుంటే మన యజమాని పెద్దాయన అల్లుడు అందరి ముందూ అన్నమాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. "మాస్టరమ్మ ఒళ్ళు దాచుకుంటోంది" అన్నాడు. ఊళ్ళో ఉన్న కోట్లకీ యూనిఫారాలకీ సగం నేను కోసినవే, నేను ఒళ్ళు దాచుకుంటానా! అక్కడున్న వాళ్ళంతా కుట్టుమెషీన్ల మీద తలలు వంచుకున్నారు. నువ్వొక్కదానివే కాజాల మెషీను ఆపి లేచి, "ఆవిడకి పడుకోవాలనిపిస్తే పడుకుంటుంది, మీకేం పోయింది" అన్నావు. మీ అన్నయ్య కూడా మొదట్లో నమ్మలేదు తెలుసా. నువ్వు మాత్రం మొదటిరోజు నుంచీ నమ్మావు.

చలికాలపు ఆర్డర్లు మొదలయ్యేదాకా నా బల్ల ఎవరికీ ఇవ్వనని పెద్దాయన మాట ఇచ్చాడు. నాకు ఆ బల్ల కావాలి బొత్తాం. ఇల్లు ఊడ్చుకునే బలం రాకపోయినా బాధపడను. కత్తెర పట్టుకుని దాని ముందు నిలబడగలిగితే చాలు. అక్కడ నిలబడితే నేను ఫలానా అని నాకు తెలుస్తుంది. ఇక్కడ ఈ కుర్చీలో నేనెవరో నాకే తెలియడం లేదు.

దాని మీద ఎవరైనా టీ గ్లాసులు పెడుతున్నారేమో చూస్తుండు.

మీ వదిన


మన మేడమీది గది,
మార్చి చివర

వదినా,

నీ ఉత్తరం చూసి ఎగిరి గంతేశాను. కింద ఇంటావిడ "ఏమిటమ్మా, పెళ్ళి కుదిరిందా" అని అడిగింది. మా వదిన కసరత్తులు చేస్తోందండీ అంటే, అదేం గొప్ప అన్నట్టు చూసింది.

అన్నయ్య సేవలు చేస్తున్నాడంటే నాకు కడుపు చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మంచినీళ్ళు తెమ్మన్నందుకు దగ్గుతూ తనూ పడుకున్న మనిషి. నీ చేతిలో పడి బాగుపడ్డాడు. చేయించుకో, మొహమాటపడకు.

నీ బల్లకేం, రాజాలా ఉంది. పాత దుప్పటి ఒకటి కప్పి ఉంచాను. దాని మీద గ్లాసు పెడితే చెయ్యి విరగ్గొడతానని అందరికీ చెప్పాను. పెద్దాయనకి మోకాళ్ళు పట్టేసి రావడం తగ్గించాడు. అల్లుడే చూసుకుంటున్నాడు. చూసుకోవడమంటే, అటూ ఇటూ తిరుగుతూ ఫోన్‌లో అరవడం. నువ్వు ఆ మాటలేవీ మనసులో పెట్టుకోకు. వచ్చి ఒక కోటు కోసి వాడి మొహాన కొడుదువుగాని.

ఊరికే అడుగుతున్నా వదినా, పని లేనప్పుడు బుర్ర ఊరుకోదు కదా. గుడ్డ తక్కువొచ్చిందనుకో, నువ్వు ఎలా సర్దేదానివి? ఇన్నేళ్ళూ నీ పక్కనే కూర్చున్నా నా కళ్ళెప్పుడూ కాజాల మీదే. తీరికగా ఉన్నప్పుడు రాయి, తొందరేం లేదు.

నీ బొత్తాం


కోల్డ్ స్టోరేజీ వెనక వాటా,
ఏప్రిల్

బొత్తాం,

చచ్చి బతికాను. తప్పంతా నాదే, విను.

రోజుని ముక్కలు చేసుకోమని, ఏ పని ఎప్పుడు చెయ్యాలో ముందే అనుకోమని ఫోన్ మేడమ్ చెప్పింది. నాకు ఇంతకన్నా తేలికైన పని ఏముంటుంది! కాగితం తీసుకుని, రోజుని బల్లమీద గుడ్డలా పరిచాను. ఇక్కడ స్నానం, ఇక్కడ కూరగాయలు తరగడం, ఇక్కడ కసరత్తు, ఈ పక్కన పడక. పెద్ద ముక్కలు ముందు వేసి, వాటి సందుల్లో చిన్నవి దూర్చాను. కాలర్లూ జేబుమూతలూ సర్దినట్టు బట్టలు మడతపెట్టడం, కిటికీ తుడవడం, అల్మారా సర్దడం ఇరికించాను. అంగుళం వృథా కాలేదు. చూసుకుని మురిసిపోయాను. మీ అన్నయ్యకి చూపిస్తే "ఇది రైల్వే టైంటేబుల్లా ఉంది" అన్నాడు, మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

రెండోరోజుకే పడ్డాను. పడ్డానంటే కిందపడలేదు, మంచంమీంచి చెయ్యి లేపలేకపోయాను. పక్కమీద ఈగ వాలితే తోలబుద్ధి కాలేదు. నిద్రపోతే తీరే అలసట కాదిది, నీకు చెప్పాను కదా, ఎవరో లోపల్నుంచి స్విచ్చి కట్టేసినట్టు ఉంటుంది. చెంచా ఎత్తాలంటే కొండ ఎత్తినట్టే. మీ అన్నయ్య రెండురోజులు సెలవు పెట్టి కూర్చున్నాడు.

కాగితం చూసి ఫోన్ మేడమ్ నవ్వింది, కోప్పడలేదు. "ఇందులో ఖాళీ ఏది?" అంది. "ఖాళీ ఎందుకండీ?" అన్నాను. "మిగలడానికి" అంది. బొత్తాం, గుడ్డ మిగలకుండా కొయ్యడమే కదా నా బతుకంతా నేర్చుకున్నది! పెద్దాయన చెత్తబుట్టలో చేయిపెట్టి నా ముక్కలు చూసి, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయేవాడు, ఏమీ పనికొచ్చేది లేక. ఇప్పుడు నన్ను సగం గుడ్డ పారెయ్యమంటున్నారు. పడుకున్నప్పుడల్లా ఏదో పాడుచేస్తున్నట్టే ఉంటుంది. అయినా పారేస్తున్నాను. బల్ల కోసం.

నువ్వడిగింది చెబుతాను. గుడ్డ తక్కువొస్తే ముక్కలన్నీ ఒకే దిక్కుకి పెట్టకు. ఒకటి నిలువుగా పెడితే పక్కది తలకిందులుగా పెట్టు. చెయ్యి ముక్క పైన వెడల్పు, కింద సన్నం కదా, రెండు చేతులూ ఎదురెదురుగా పెడితే ఒకదాని ఒడిలో ఒకటి ఇమిడిపోతాయి. మొత్తం కోటుకి జానెడు గుడ్డ కలిసొస్తుంది. ముందు సుద్దతో గీసి, దూరంగా నిలబడి చూసి, ఆ తర్వాతే కత్తెర. గీసింది చెరుపుకోవచ్చు, కోసింది అతుక్కోదు.

ఇది రాస్తుంటే ఎంత హాయిగా ఉందో. ఉత్తరం రాయడం కూడా పనికిందే లెక్క, దానికీ విశ్రాంతి తీసుకోమంది మేడమ్. సరేనన్నాను, లెక్కలో మాత్రం వేసుకోలేదు. నీకు రాసేటప్పుడు నేను నా బల్ల ముందే ఉంటాను.

మీ వదిన


మన మేడమీది గది,
మే

వదినా,

నువ్వు గీసి పంపిన కాగితం అచ్చుతో చలవ జాకెట్టు కుట్టాను, ఈ పొట్లంలో ఉంది. ముందు రెండు, వెనక రెండు జేబులు. అన్నయ్య వాటిలో మంచు పొట్లాలు పెట్టి తొడగాలి. మంచు నేరుగా ఒంటికి తగలకుండా లోపల రెండు పొరలు వేశాను. కుట్లు వంకరగా ఉంటే తిట్టకు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే యుద్ధానికి వెళ్ళేదానిలా ఉంటావు. అన్నయ్య జడుసుకుంటాడు.

మళ్ళీ ఆ టైంటేబుల్ పిచ్చి పనులు చెయ్యకు. ఖాళీ వదలమంటే వదులు. ఇక్కడ తొందరేం లేదు, బల్ల ఎక్కడికీ పోదు.

గళ్ళ గుడ్డకి జేబు దగ్గర గళ్ళు ఎలా కలుపుతావు? భుజం దగ్గర ఎంత వదలాలి? ఊరికే.

నీ బొత్తాం


కోల్డ్ స్టోరేజీ వెనక వాటా,
జూలై

బొత్తాం,

శుభవార్త. నీ జాకెట్టు అద్భుతం. పొద్దున్నే తొడుక్కుంటే మధ్యాహ్నందాకా నేను మనిషిని. స్నానం చేసి వచ్చి మంచం వెతుక్కోకుండా కుర్చీలో కూర్చోగలుగుతున్నాను. ఎత్తుపీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. వీధి చివరదాకా నడిచి, అక్కడ చెప్పులు కుట్టేవాడి దగ్గర కాసేపు కూర్చుని, వెనక్కి వస్తున్నాను. ఆయన నన్ను రోజూ "ఏం కుట్టాలమ్మా" అని అడుగుతాడు. ఏమీ కుట్టనక్కర్లేదు నాయనా, నన్ను కూర్చోనియ్యి అంటాను.

మొన్న వంటింటి బల్లమీద పరిచి మీ అన్నయ్యకి చొక్కా కోశాను. మొత్తం. చెయ్యి వణకలేదు. మీ అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, చొక్కా కోసమో నా కోసమో తెలియదు.

ఫోన్ మేడమ్ ప్రతినెలా ఒక ప్రశ్నల కాగితం నింపిస్తుంది. నా మార్కులు చూసి "చాలా బాగుంది" అంది. బళ్ళో కూడా నన్ను ఎవరూ ఆ మాట అనలేదు.

నువ్వో పని చెయ్యి. పెద్దాయనతో మాట్లాడి ఆ బల్ల ముందు ఒక ఎత్తు స్టూలు వేయించగలవా? రోజంతా నిలబడకుండా మధ్యమధ్య కూర్చుని కొయ్యొచ్చు. బల్ల ఎత్తెంతో ఒకసారి కొలిచి రాయి. నేను దుకాణం వాళ్ళతో మాట్లాడతాను.

గళ్ళ గురించి, భుజం గురించి వేరే కాగితం మీద బొమ్మలు వేసి పెట్టాను. ఏమిటే, కాజాలు వదిలేసి నా పొట్ట కొట్టడానికి చూస్తున్నావా! వేళాకోళానికి అన్నాలే. నేర్చుకో. నేను వచ్చాక నాకు సాయం ఉంటావు.

మీ వదిన


మన మేడమీది గది,
ఆగస్టు

వదినా,

బొమ్మలు అందాయి. ఎంత వివరంగా వేశావో, దాచుకున్నాను. చొక్కా సంగతి చదివి నాకూ ఏడుపొచ్చింది.

స్టూలు గురించి అడుగుతాను. పెద్దాయన ఇంటికే పరిమితమయ్యాడు, అల్లుడిని అడగాలంటే సమయం సందర్భం చూసుకోవాలి. బల్ల ఎత్తు నా నడుము దాటి రెండు వేళ్ళు. కొలిచే టేపు ఎక్కడో పడింది.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. నువ్వు అక్కడే ఉండి ఇంకాస్త కోలుకో. తొందరపడకు.

నీ బొత్తాం


వర్క్‌షాప్ నుంచి,
సెప్టెంబరు, బుధవారం

వదినా,

ఇంటికెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. అల్లుడు కొత్త ఆర్డరు పట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళలో వాయించే పెద్ద బ్యాండు వాళ్ళకి నల్ల వెల్వెట్ కోట్లు. మనం ఎప్పుడూ వెల్వెట్ ముట్టుకోలేదు కదా, ఇక్కడ అందరూ యూనిఫారాల జనమే, ఎవరికీ తెలియదు. నువ్వు చిన్నప్పుడు నాటకాల బట్టలు కోసే చోట పనిచేశావు, నీకు తెలిసుంటుంది.

గుడ్డ తక్కువ తెచ్చాడు. ఇంకా తెమ్మంటే కస్సుమంటున్నాడు. నువ్వు చెప్పినట్టు ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా నిన్న సాయంత్రం పెట్టి చూశాను. సరిగ్గా సరిపోతోంది. కానీ ఎందుకో చెయ్యి ఆడటం లేదు. వెల్వెట్‌కి కూడా అలా పెట్టొచ్చా? సోమవారం పొద్దున్నే కోత. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, పెట్టొచ్చు, వద్దు, ఈ రెండిట్లో ఒక్క మాట చెప్పి పెట్టెయ్యి. నీకు శ్రమ ఇవ్వను.

నీ బొత్తాం


కోల్డ్ స్టోరేజీ వెనక వాటా,
సెప్టెంబరు చివర

బొత్తాం,

నీ ఉత్తరం శనివారమే వచ్చిందట. నాకు ఒంట్లో బాగోలేదు. బాగా అలసటగా ఉండి పడుకున్నాను. ఆదివారం నువ్వు ఫోన్ చేశావని మీ అన్నయ్య తర్వాత చెప్పాడు. ఇవాళ లేచి కూర్చుని రాస్తున్నాను.

వెల్వెట్ ముక్కలు తలకిందులుగా పెట్టకూడదు. దాని నూగు ఒకే వైపు వాలి ఉంటుంది. అన్నీ ఒకే దిక్కుకి పెట్టాలి. లేకపోతే వెలుతురులో రెండు రంగుల్లా కనిపిస్తాయి.

ఎక్కువ రాయలేను.

మీ వదిన


మన మేడమీది గది,
అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికి అంతా అయిపోయింది. ముందు నువ్వు ఎలా ఉన్నావో చెప్పు. పడిపోయి లేచి, ఆ నీరసంలో కూడా నాకు జవాబు రాశావు. అది చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

నీ దగ్గర ఇంక దాచలేను. నువ్వు వెళ్ళిన వారానికే అల్లుడు నన్ను నీ బల్ల ముందు నిలబెట్టాడు. దుప్పటీ లేదు, ఏమీ లేదు. కొయ్యడానికి ఎవరో ఒకరు కావాలన్నాడు. నేను కాదంటే బయటివాడిని తెస్తానన్నాడు. బయటివాడు వస్తే ఆ బల్ల నీకు మళ్ళీ దక్కదని ఒప్పుకున్నాను. "మా వదిన వచ్చేదాకా నేను ఊరికే నిలబడతాను, నన్ను మాస్టర్ అనొద్దు" అని అందరికీ చెప్పాను. మధ్యలో ఒకసారి "నువ్వే ఉండిపోరాదూ" అన్నాడు. ఉండనన్నాను. బల్ల ఖాళీగా నీ కోసం ఎదురుచూస్తోందని నీకు రాయకపోతే నువ్వు ఆ జాకెట్టు వేసుకునేదానివా, ఆ కుర్చీ కసరత్తులు చేసేదానివా? అందుకని రాశాను. ప్రతి ఉత్తరంలోనూ నీ చేత నాకు పాఠం చెప్పించుకుంటూ, నిన్నే మోసం చేశాను.

సోమవారం అల్లుడు నెత్తిమీద నిలబడ్డాడు. ఆదివారం ఫోన్‌లో అన్నయ్య "పడుకుంది, పాపం, లేపలేను" అన్నప్పుడు నేనే లేపొద్దన్నాను. నువ్వు మామూలు గుడ్డకి చెప్పినట్టే కోసేశాను. కుట్టేటప్పుడు దీపాల వెలుగులో ఎవరికీ తేడా తెలియలేదు. బ్యాండువాళ్ళు తొడుక్కుని వీధిలోకి వచ్చి నిలబడ్డారు. సగం ఒళ్ళు కాకి నలుపు, సగం ఒళ్ళు వెండి పూసినట్టు. ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగు. చూస్తున్న పిల్లలు పగలబడి నవ్వారు. బ్యాండు నాయకుడు తన కోటు విప్పి అల్లుడి కాళ్ళ దగ్గర పారేశాడు.

ఇక కోతలు ఇక్కడ లేవు. మెషీన్లు కోసిన ముక్కలు కట్టలుగా బయటినుంచి తెప్పిస్తున్నాడు. బల్లని నిన్న నలుగురు మనుషులు మోసుకెళ్ళి లారీ ఎక్కించారు. గుమ్మంలోంచి పట్టకపోతే కాళ్ళు కోసేశారు. నన్ను కూడా మానెయ్యమన్నాడు.

అన్నిటికన్నా ఒకటి. అల్లుడు అందరి ముందూ, "మీ వదినకి ఫోన్ ఎత్తడానికి కూడా బద్ధకమా, ఒక్క మాట చెబితే సొమ్మేం పోయేది" అన్నాడు. నేను మీద పడ్డంత పని చేశాను. "ఆవిడకి మాట కూడా పెగలనంత అలసట వస్తుంది, అది నీకు అర్థంకాదు, నేను ఎరుగుదును" అని అరిచాను. నన్ను తిట్టు, పడతాను. నువ్వు మాత్రం ఇది తలుచుకుని మళ్ళీ మంచం పట్టకు. ఇందులో నీ తప్పు వెంట్రుకంత లేదు.

నీ బొత్తాం


కోల్డ్ స్టోరేజీ వెనక వాటా,
నవంబరు

బొత్తాం,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను. నువ్వు అంత ప్రేమగా రాయకపోతే దాచేసేదాన్నే.

ఆ ఆదివారం నాకు అలసట లేదు.

ఈ ఊరు వచ్చాక అంత మంచి రోజు నాకు లేదు. ముందురోజు వాన పడి గాలి చల్లగా ఉంది. రాత్రి బాగా నిద్రపట్టింది. పొద్దున్నే వీధి చివరదాకా వెళ్ళి వచ్చాను, కాళ్ళు నా కాళ్ళే అనిపించాయి. నీ ఉత్తరం శనివారమే చదివాను. "పెట్టి చూశాను" అన్నావు. బల్లమీద పెట్టి చూసేది కొయ్యబోయే మనిషే. ఆ ఒక్క మాటతో మార్చి నుంచీ నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. భుజం దగ్గర ఎంత వదలాలని ఊరికే ఎవరడుగుతారు!

ఫోన్ మోగింది. మీ అన్నయ్య తెర చూసి "చెల్లి" అన్నాడు. నేను కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాను. కళ్ళు మూసుకుని తల పక్కకి వాల్చాను. చెయ్యి ఇలా ఊపాను, వద్దు, శక్తి లేదు అని. పాపం ఆ మనిషి వరండాలోకి వెళ్ళి గొంతు తగ్గించి నీతో మాట్లాడాడు. తిరిగొచ్చి నా మీద దుప్పటి కప్పి, కిటికీ రెక్క మూసి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళాడు. నేను దుప్పటి కింద మేలుకునే ఉన్నాను. నీకు కావలసిన మాట నాలుక చివర ఉంది. సాయంత్రందాకా ఉంది. తిరిగి ఫోన్ చెయ్యొచ్చని తెలుసు. చెయ్యలేదు.

కోపం కాదు. కోపమైతే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు అక్కడ నిలబడ్డావని, నిలబడగలవని, పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ సంగతి తలుచుకోకుండానే నిలబడగలవని కుళ్ళుకున్నాను. అంతకుముందు నెలలోనే ఫోన్ మేడమ్‌ని సూటిగా అడిగాను, చలికాలానికి బల్ల ముందుకి వెళ్ళగలనా అని. ఆవిడ "ఈ చికిత్స మీకు పనిచేసింది. ఇవ్వగలిగినదంతా ఇచ్చింది. స్నానం, కాస్త వంట, కాస్త నడక. దీన్ని నిలబెట్టుకుందాం. రోజంతా చేసే పనిని మాత్రం లెక్కలో పెట్టుకోకండి" అంది. నా చెయ్యి ఆ మార్కుల కాగితం మీదే ఉంది. మార్కులు బాగున్నాయి. ఆ రోజు నుంచీ నాకు తెలుసు. నీకు రాయలేదు. చొక్కా సంగతి కూడా అబద్ధం. ఒక చెయ్యి ముక్క కోసి పడిపోయాను. మిగతాది నేను సుద్దతో గీసిన గీతల మీద మీ అన్నయ్య కోశాడు, నాలుక బయటపెట్టి.

నాకు రానిది నీకూ ఉండకూడదనుకున్నాను. అంతే. ఇంకో పేరు పెట్టడానికి చాలా వెతికాను, దొరకలేదు.

నా అలసటని నమ్మండి నమ్మండి అని ఇన్నాళ్ళూ ఊరందరి కాళ్ళూ పట్టుకున్నాను. అది లేనిరోజున చెయ్యి ఊపితే ఒక్కరు కూడా అనుమానించలేదు. నువ్వు నా తరఫున ఆ అల్లుడి మీద పడ్డావని చదివినప్పుడు కాగితం చేతిలోంచి జారిపోయింది.

చలవ జాకెట్టు తొడగడం మానేశాను. మేడమ్ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. కోలుకుని ఏం చెయ్యాలో తెలియడం లేదు. నన్ను క్షమించమని అడగను. ఒక్క ఉత్తరం రాయి, నాలుగు తిట్లైనా సరే.

వదిన


మేడమీది గది,
డిసెంబరు

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. నాకు లాండ్రీలో ఇస్త్రీ పని దొరికింది. నిలబడి చేసే పని, ఇంటికి వచ్చేసరికి ఓపిక ఉండటం లేదు.

అన్నయ్యకి ఏమీ చెప్పలేదు, చెప్పను. ఆ రోజు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది మేలుకున్న మనిషి కోసమని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు.

మీరు తిట్లు రాయమన్నారు. కూర్చున్నాను గానీ రాలేదు. బల్ల పోయినందుకు నాకు అంత బాధగా లేదు. అది నాది కాదు. మీరు కుళ్ళుకున్నారన్నా అర్థం చేసుకోగలను, మీ చోట నేనున్నా కుళ్ళుకునేదాన్నేమో. నడక, కసరత్తులు మానొద్దు. జాకెట్టు కుట్లు ఊడితే పంపించండి, వేసి పంపుతాను.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. మీరు మంచం దిగడం లేదని, అన్నం కూడా తనే తినిపిస్తున్నానని, ఈసారి అలసట ఇదివరకటిలా లేదని, మాట కూడా పెగలడం లేదని చెప్పి ఏడ్చాడు. ఎప్పుడూ ఏడవని మనిషి. నేను ఓదార్చాలి. ఇదివరకైతే ఆ క్షణమే బస్సెక్కేదాన్ని.

"నిజంగా అలసటేనా అన్నయ్యా?" అని అడిగాను.

అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.

ఇట్లు,
మీ ఆడపడుచు